రూల్ 5 డ్రాఫ్ట్: రెండో పిక్‌తో వైట్ సాక్స్ ఎవర్ని తీసుకోవాలి?

నేపర్విల్_రవి
అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో రూల్ 5 డ్రాఫ్ట్‌కి ముందు గడువు ముగిసింది. ఏ టీం ఎవర్ని 40 మంది జాబితాలో (వేరే టీంలు లాక్కోలేని జాబితా) పెట్టుకుందో, ఎవర్ని బయట వదిలేసిందో తేలిపోయింది. 2025 డిసెంబర్ 10న ఓర్లాండోలో డ్రాఫ్ట్. 43 గెలిచి 119 ఓడిన రాకీస్‌ది మొదటి పిక్ (ఎంచుకునే వంతు), 60 గెలిచి 102 ఓడిన మా వైట్ సాక్స్‌ది రెండోది.

పోయినేడు మొదటి పిక్ మాదే. బ్రూవర్స్ దగ్గర్నుంచి షేన్ స్మిత్‌ని తెచ్చుకున్నాం. 2021లో వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ నుంచి బయటికొస్తే ఒక్క టీం కూడా డ్రాఫ్ట్ చెయ్యలేదు అతన్ని. మోచేతికి టామీ జాన్ ఆపరేషన్ కూడా అయింది. అలాంటివాడు మాకు 146 ఇన్నింగ్స్ వేసి, 3.81 ఈఆర్ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చే పరుగుల సగటు, తక్కువుంటే మేలు) సీజన్ ముగించాడు. జూలైలో అట్లాంటాలో, లీగ్ మేటి ఆటగాళ్లు ఆడే ఆల్‌స్టార్ మ్యాచ్‌కి మా టీం నుంచి వెళ్లింది అతనొక్కడే. 2024లో 121 ఓటములు చూసిన ఇంట్లో అది ఎంత పండగో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా ప్రశ్న. ఈసారి కూడా పిచ్చర్‌నే (బంతి వేసేవాణ్ణే) తీసుకోవాలా, లేక క్యాచర్‌నో (మన వికెట్ కీపర్‌లాంటివాడు) బ్యాటర్‌నో చూడాలా? నా లిస్టులో ముగ్గురున్నారు: రెడ్ సాక్స్ జెడిక్సన్ పాయెజ్, ఫిలీస్ గ్రిఫ్ మెక్‌గారీ, అథ్లెటిక్స్ క్యాచర్ డేనియల్ సూసాక్.

వరంగల్_వేణు
అన్నా, డ్రాఫ్ట్ జూలైలోనే అయిపోయింది కదా? కాలేజీ పిల్లల్ని తీసుకునేది అదే అనుకున్నా. మళ్లీ ఇదేంటి? నేను ఇక్కడ తెల్లవారుజామున లేచి హైలైట్స్ మాత్రమే చూస్తా, లోపలి సంగతులు తెలియవు.

పిట్స్‌బర్గ్_పంతులు
వేణూ, జూలైది కొత్త కుర్రాళ్ల కోసం. అది రూల్ 4. ఇది వేరే టీం దగ్గర ఇప్పటికే ఉన్నవాళ్లని లాక్కునేది. లీగ్ నియమాల పుస్తకంలో అయిదో నియమం కాబట్టి ఆ పేరు.

కథ ఇది. ఒక టీం చేతికింద మైనర్ లీగుల్లో (కింది స్థాయి లీగులు) వందమందికి పైగా కుర్రాళ్లుంటారు. అందులో మంచివాణ్ణి ఏళ్ల తరబడి కిందే తొక్కి ఉంచకుండా ఈ నియమం పెట్టారు. 18 ఏళ్లకో అంతకు ముందో సంతకం చేసినవాణ్ణి అయిదు సీజన్లలోపు, 19కో ఆ తర్వాతో చేసినవాణ్ణి నాలుగు సీజన్లలోపు 40 మంది జాబితాలో చేర్చాలి. చేర్చకపోతే ఎవరైనా లక్ష డాలర్లు కట్టి తీసుకెళ్లిపోవచ్చు. అయితే తీసుకెళ్లినవాళ్లు తర్వాతి సీజన్ అంతా అతన్ని 26 మంది పెద్ద జట్టులోనే ఉంచాలి. మైనర్స్‌కి పంపుదామంటే ముందు వేవర్స్‌లో (మిగతా టీంలు కావాలంటే ఎత్తుకునేలా) పెట్టాలి, ఎవరూ తీసుకోకపోతే పాత టీంకి 50 వేలకి తిరిగి ఇవ్వజూపాలి. ఇందులో అసలు మెలిక ఇదే. పేరు బాగుందని తెచ్చుకుంటే ఏడాదిపాటు మోయాలి.

వరంగల్_వేణు
అర్థమైంది. మరి తెచ్చుకున్నాక గాయం అని చెప్పి పక్కన కూర్చోబెడితే?

పిట్స్‌బర్గ్_పంతులు
అదీ ఆలోచించే పెట్టారు. కనీసం 90 రోజులు ఆడే జట్టులో ఉండాలి. లేకపోతే మిగిలిన రోజుల బాకీ పై ఏడాదికి వెళ్తుంది.

ఫ్రిస్కో_బావ
రవి, పిచ్చరే. రెండో మాట లేదు. 26 మందిలో 13 మంది పిచ్చర్లు, అందులో బుల్‌పెన్‌లో (మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్లు) ఎనిమిది మంది. ఎనిమిదో వాడిగా పెట్టుకుని, మ్యాచ్ తొమ్మిది పరుగుల తేడాతో పోయినప్పుడు దింపితే ఎవరికీ నష్టం లేదు. బ్యాటర్‌ని అలా దాచలేం. బెంచ్ మీద ఉండేదే నలుగురు, అందులో ఒకడు రెండో క్యాచర్. మిగిలిన మూడింట్లో ఒకటి ఇంకా కొట్టడం రాని పిల్లాడికిస్తే మేనేజర్ చేతులు కట్టేసినట్టే.

మిన్నియాపోలిస్_లక్ష్మి
"ఎవరికీ నష్టం లేదు" అన్నారు చూశారా బావ గారూ, అక్కడే నాకు అభ్యంతరం. ఆ కుర్రాడికి నష్టం కాదా? 21, 22 ఏళ్లవాడు వారం వారం బంతి వేసి నేర్చుకోవాల్సిన వయసు. పెద్ద జట్టులో కూర్చోబెట్టి పది రోజులకొకసారి రెండు ఇన్నింగ్స్ ఇస్తే చేయి ఎలా తిరుగుతుంది?

మా యోహాన్ సంటానాని చూడండి. అందరూ రూల్ 5 గొప్పతనానికి అతన్నే ఉదాహరణ చెప్తారు. 1999లో ఆస్ట్రోస్ వదిలేస్తే మార్లిన్స్ తీసుకున్నారు, అదే రోజు మా ట్విన్స్‌కి మార్చుకున్నారు. 2000 సీజన్‌లో 30 మ్యాచుల్లో 6.49 ఈఆర్ఏ. ఆ ఏడాది అతనికి నేర్పిందేమీ లేదు. అతను సంటానా అయింది 2002లో, ఎడ్మంటన్‌లో. ట్రిపుల్-ఏకి (మైనర్ లీగుల్లో పై మెట్టు) పంపి, పిచింగ్ కోచ్ బాబీ క్వెయార్ దగ్గర కూర్చోబెట్టి, ప్రతి బ్యాటర్‌కీ చేంజప్ (బ్యాటర్‌ని మోసగించే నెమ్మది బంతి) వెయ్యాల్సిందే అన్నారు. స్కోరు ఎంతున్నా, కౌంట్ (ఆ బ్యాటర్‌కి పడిన బంతుల లెక్క) ఏదైనా సరే. అక్కడ పండింది ఆ చేంజప్. తర్వాత 2004, 2006లో సై యంగ్‌లు (మేటి పిచ్చర్ అవార్డు). అంటే అతన్ని తయారుచేసింది రూల్ 5 కాదు, రూల్ 5 వద్దన్న మైనర్ లీగే.

హ్యూస్టన్_కిట్టు
సంటానా పేరు ఎత్తకండి లక్ష్మి గారూ. పాతికేళ్లయినా మా ఆస్ట్రోస్ వాళ్లకి మానని పుండు అది.

నేపర్విల్_రవి
లక్ష్మి గారు చెప్పింది ఒప్పుకుంటా, కానీ స్మిత్ అలా కూర్చోలేదు. మొదటి నెల నుంచే స్టార్టర్‌గా (మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్‌గా) దింపారు. మా టీం ఎలాగూ ఓడుతోంది కాబట్టి ఇన్నింగ్స్ ఇవ్వగలిగింది. ఓడే టీంకి ఉన్న ఒకే ఒక్క లాభం అది. అందుకే ఈ డ్రాఫ్ట్ మాలాంటి వాళ్లకి వరం అంటున్నా.

శారద_ఎడిసన్
మైక్ వాసిల్ గురించి ఒక్కరూ మాట్లాడరేం? వాడు మా మెట్స్ కుర్రాడు. సిరాక్యూస్‌లో బాగా కొట్టించుకున్నాడని మావాళ్లు 40 లోకి తీసుకోలేదు. పోయిన డిసెంబర్‌లో ఫిలీస్ తీసుకున్నారు, టాంపా బే రేస్ టీంకి పంపేశారు, మార్చిలో రేస్ వదిలేస్తే మీ వైట్ సాక్స్ వేవర్స్‌లో ఎత్తుకున్నారు. నాలుగు నెలల్లో నాలుగు టోపీలు! చివరికి మీ దగ్గర 101 ఇన్నింగ్స్, 2.50 ఈఆర్ఏ. సెప్టెంబర్‌లో మా బుల్‌పెన్ చేతులెత్తేసి ప్లేఆఫ్స్ పోగొట్టుకున్న రోజు రాత్రి నేను వాడి నంబర్లు తెరిచి చూసుకుంటూ కూర్చున్నా.

నేపర్విల్_రవి
శారద గారూ, వాసిల్‌ని తిరిగివ్వం. అడక్కండి.

ఫ్రిస్కో_బావ
లక్ష్మి గారికి జవాబు బాకీ ఉంది నాకు.

మా ఇంటి నుంచి పది నిమిషాల దూరంలో రఫ్‌రైడర్స్ మైదానం. రేంజర్స్ వాళ్ల డబుల్-ఏ (ట్రిపుల్-ఏకి ఒక మెట్టు కింద) టీం. వేసవిలో వారానికి ఒక్కసారైనా వెళ్తాం. కుడి పక్క గోడ అవతల నీళ్లలో పిల్లలు ట్యూబులేసుకుని తేలుతుంటారు, ఇవతల ఈ కుర్రాళ్లు ఎండలో ఉడికిపోతుంటారు. పిచ్చర్ కుమార్ రాకర్‌ని కూడా అక్కడే దగ్గర్నుంచి చూశాం. తల్లి వైపు మన భారతీయులే కాబట్టి మా సెక్షన్‌లో సగం మంది లేచి నిలబడ్డారు.

నేను కూర్చునే చోటు బుల్‌పెన్ (ఆ పిచ్చర్లు సిద్ధమయ్యే చోటు) పక్కనే. ఒక రోజు ఒక రిలీఫ్ పిచ్చర్ కంచె అవతల బకెట్ మీద కూర్చుని, చిరిగిన గ్లవ్ తోలు తాడు పళ్లతో లాగి ముడి వేసుకుంటున్నాడు. కొత్తది కొనుక్కోలేదా అని మావాడు అడిగేశాడు. ఈ నెల కాదు అన్నాడు నవ్వుతూ. 2023 ఒప్పందం వచ్చాకనే డబుల్-ఏ జీతం ఏడాదికి 30,250 డాలర్లయింది. అంతకుముందు ఇందులో సగం కూడా లేదు. పెద్ద జట్టులో కనీస జీతం 2026లో 7,80,000. రూల్ 5లో పేరు పిలిచి ఒక్క సీజన్ నిలబడితే ఆ కుర్రాడి ఇల్లు, అమ్మానాన్నల ఇల్లు, చెల్లెలి చదువు అన్నీ గట్టెక్కుతాయి. చేంజప్ తర్వాత నేర్చుకుంటాడు. ఆ డబ్బు తర్వాత దొరుకుతుందని ఎవరు హామీ ఇస్తారు?

మిన్నియాపోలిస్_లక్ష్మి
ఆ గ్లవ్ సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

డబ్బు విషయంలో మీతో వాదించను. అయినా నా మాట నాదే. మా పెద్దవాణ్ణి హైస్కూల్లో ఏడాది ముందే సీనియర్ జట్టులోకి తీసుకున్నారు. ఇంట్లో స్వీట్లు పంచాం. ఆ సీజన్‌లో వాడు దిగింది ఆరు మ్యాచులు. మిగతా రోజులన్నీ స్కోర్ పుస్తకం రాశాడు. కింది జట్టులో ఉంటే ప్రతి రోజూ ఆడేవాడు. మరుసటి ఏడాది బ్యాట్ పట్టుకుంటే వాడి చేతులు వాడివి కానట్టుండేవి. నేనైతే కళ్లారా చూశాను, అందుకే అంటున్నా.

గుంటూరు_మిర్చి
ఇది మన ఐటీ వాళ్లకి తెలియని బెంచ్ కాదులెండి. ఆరు నెలలు ప్రాజెక్ట్ లేకపోతే కోడ్ చూడగానే చెమటలు పట్టవూ?

హ్యూస్టన్_కిట్టు
బ్యాటర్ వద్దు అన్న బావకి ఒక్క పేరు: మార్విన్ గొంజాలెజ్. 2011లో కబ్స్ వదిలేస్తే రెడ్ సాక్స్ తీసి మాకిచ్చారు. 2017 వరల్డ్ సిరీస్ రెండో మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్, ఒక్క పరుగు వెనక ఉన్నాం, ఎదురుగా డాడ్జర్స్ పిచ్చర్ కెన్లీ జాన్సెన్. సెంటర్ ఫీల్డ్ గోడ మీదుగా హోమ్ రన్ కొట్టాడు. ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు వాళ్లు, కింది అంతస్తు వాళ్లు అందరూ వరండాలోకి వచ్చేశారు.

గుంటూరు_మిర్చి
ఆ ఏడాది మీ ఆస్ట్రోస్ ఎదుటి క్యాచర్ సైగలు దొంగిలించి, చెత్త డబ్బా మోగించి బ్యాటర్‌కి చెప్పేవాళ్లు కదా. ఆ రోజు డబ్బా ఎవరు కొట్టారు కిట్టూ?

హ్యూస్టన్_కిట్టు
ఆ మ్యాచ్ జరిగింది డాడ్జర్ స్టేడియంలో మిర్చీ. డబ్బా విమానం ఎక్కలేదు. ఆ ఏడాది మావాళ్లు చేసింది తప్పే, ఎప్పుడూ కాదనలేదు. ఆ హోమ్ రన్‌ని మాత్రం వదిలెయ్.

పిట్స్‌బర్గ్_పంతులు
బ్యాటర్లంటున్నారు కాబట్టి నా దేవుడి గురించి రాయకుండా ఉండలేను.

1954. బ్రూక్లిన్ డాడ్జర్స్ రొబెర్టో క్లెమెంటెకి 10,000 డాలర్ల బోనస్ ఇచ్చి తీసుకున్నారు. అప్పటి నియమం ప్రకారం 4,000 దాటి బోనస్ తీసుకున్నవాణ్ణి పెద్ద జట్టులో ఉంచాలి, లేకపోతే ఏడాది తిరిగేసరికి డ్రాఫ్ట్‌లో పోతాడు. వాళ్లేమో మాంట్రియల్‌కి పంపి, సరిగా ఆడించకుండా, ఎవరి కంటా పడకుండా చూశారు. మా పైరేట్స్ స్కౌట్ క్లైడ్ సూక్‌ఫోర్త్ వెళ్లింది జో బ్లాక్ అనే పిచ్చర్‌ని చూడ్డానికి. మ్యాచ్‌కి ముందు ప్రాక్టీస్‌లో రైట్ ఫీల్డ్ నుంచి ఒక కుర్రాడు విసిరిన త్రో చూశాడు. అంతే, వచ్చిన పని మర్చిపోయాడు. ఆ నవంబర్‌లో 4,000 డాలర్లకి క్లెమెంటె మావాడయ్యాడు.

మొదటి ఏడాది బ్యాటింగ్ సగటు .255. లక్ష్మి గారూ, అప్పుడే ఎవరైనా "తొందరపడి తెచ్చారు" అనుంటే? తర్వాత సరిగ్గా 3,000 హిట్లు, 12 గోల్డ్ గ్లవ్‌లు (మేటి ఫీల్డర్ అవార్డు). 1972 డిసెంబర్ 31న నికరాగ్వా భూకంప బాధితులకి సామాను తీసుకెళ్తూ విమానం కూలి పోయాడు.

ఇక్కడి వెంకటేశ్వరస్వామి గుడికి ఊళ్ల నుంచి చుట్టాలొస్తే, దర్శనం అయ్యాక వాళ్లని నేరుగా క్లెమెంటె వంతెన మీదికి తీసుకెళ్తా. మ్యాచ్ రోజు కార్లు ఆపేస్తారు, నడిచే వెళ్లాలి. రైట్ ఫీల్డ్ గోడ 21 అడుగులు, అతని నంబర్ 21 కాబట్టి. మా అత్తగారికి బేస్‌బాల్ ఒక్క ముక్క తెలియదు. ఆ గోడ కథ చెప్తే చేతులు జోడించింది.

బే_ఏరియా_సుబ్బు
రవి లిస్టులో సూసాక్ పేరు చూసి గుండె ఝల్లుమంది. వాళ్లన్న ఆండ్రూ 2014లో మా జెయింట్స్‌కి పోసీ వెనక రెండో క్యాచర్, ఆ టీంతో చాంపియన్ ఉంగరం తీసుకున్నాడు. తమ్ముడు అరిజోనా యూనివర్సిటీ నుంచి 2022 మొదటి రౌండ్‌లో 19వ పిక్. మొదటి రౌండ్ వాణ్ణి మూడున్నరేళ్లకే బయట వదిలేశారంటే అథ్లెటిక్స్ దగ్గర క్యాచర్ కుర్చీ ఖాళీ లేదు కాబట్టే. షే లాంగలియర్స్ ఉండగా ఇతను ఎక్కడ కూర్చుంటాడు? ట్రిపుల్-ఏ లాస్ వెగాస్ దాకా ఆడొచ్చాడు, ఇక నేర్చుకునేదంతా పైనే.

ఇందాకటి వాదనకి ఇదే నా జవాబు. లక్ష్మి గారి భయం 20 ఏళ్ల వాళ్ల విషయంలో నిజం. 24 వచ్చి, కింద అన్ని మెట్లూ ఎక్కేసినవాడికి వర్తించదు. రెండో క్యాచర్ వారానికి రెండు మ్యాచులు ఆడతాడు. అది కూర్చోబెట్టడం కాదు, ఉద్యోగం.

మిన్నియాపోలిస్_లక్ష్మి
సుబ్బు గారూ, ఇది బాగుంది. ఈ తేడా ఒప్పుకుంటున్నా. స్మిత్, వాసిల్ కూడా పాతికకి దగ్గరవాళ్లే.

అయినా నా రెండో గాయం చెప్పనివ్వండి. 2020లో మావాళ్లు అకీల్ బాడూని వదిలేశారు, టైగర్స్ తీసుకున్నారు. 2021 ఏప్రిల్ 4న పెద్ద లీగులో ఎదుర్కొన్న మొట్టమొదటి బంతికే హోమ్ రన్, స్టాండ్స్‌లో అమ్మానాన్నలు చూస్తుండగా. మర్నాడు గ్రాండ్ స్లామ్ (మూడు బేసులూ నిండగా హోమ్ రన్), ఆ మర్నాడు మ్యాచ్ గెలిపించిన హిట్. ఈ రెండూ మా ట్విన్స్ మీదే! అంతా కన్నీళ్లు పెట్టుకున్నారు, నేనూ పెట్టుకున్నా. తర్వాతి ఏడాది సగటు .204. అతను హై-ఏ (డబుల్-ఏకి కింది మెట్టు) నుంచి నేరుగా పైకి దూకినవాడు. డబుల్-ఏ, ట్రిపుల్-ఏల్లో తినాల్సిన దెబ్బలు పైన తిన్నాడు.

నేపర్విల్_రవి
అయితే పాయెజ్ మీద మీ మాట ఏంటి? 21 ఏళ్ల వెనిజ్వెలా కుర్రాడు, హై-ఏ దాటలేదు. వేగం పెద్దగా లేదు, కానీ వాక్‌లు (బంతులు అవతల వేసి బ్యాటర్‌ని ఊరికే బేస్‌కి పంపడం) ఇవ్వడు. అనుకున్న చోట బంతి పెడతాడు. ఈ ఏడాది పిక్క గాయంతో చాలా భాగం పోయింది.

మిన్నియాపోలిస్_లక్ష్మి
వద్దు. నా కొడుకైతే పంపను.

ఫ్రిస్కో_బావ
మెక్‌గారీని తీసుకోండి. వర్జీనియా యూనివర్సిటీ, 2021 అయిదో రౌండ్. స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో అవుట్ చెయ్యడం) కుప్పలు. వాక్‌లూ కుప్పలే, అది వేరే సంగతి. బంతి పదును నేర్పలేం, అదుపు నేర్పొచ్చు.

శారద_ఎడిసన్
"అదుపు నేర్పొచ్చు" అని నేను ముప్పై ఏళ్లుగా వింటున్నా. నేర్చుకున్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాకు పాయెజే నచ్చాడు. ప్లేట్ మీద బంతి పెట్టేవాడు ఎక్కడైనా బతుకుతాడు.

బే_ఏరియా_సుబ్బు
[డిసెంబర్ 10] మొదలైంది. రాకీస్: టైగర్స్ దగ్గర్నుంచి ఆర్‌జే పెటిట్, రిలీఫ్ పిచ్చర్.

ఫ్రిస్కో_బావ
రాకీస్ ఊరు డెన్వర్, ఆ పల్చటి గాలిలో బంతి వెయ్యడానికి ధైర్యం కావాలి. అతనికి మంచి జరగాలి.

నేపర్విల్_రవి
పాయెజ్!! తీసుకున్నారు! ఆఫీస్ మీటింగ్‌లో కెమెరా ఆపేసి రాస్తున్నా.

శారద_ఎడిసన్
చెప్పానా లేదా!

ఫ్రిస్కో_బావ
మూడోది నేషనల్స్, మెక్‌గారీ. నా వాడు కూడా వెళ్లాడు.

హ్యూస్టన్_కిట్టు
లక్ష్మి గారూ ఎక్కడున్నారు? నాలుగో పిక్ మీ ట్విన్స్ సూసాక్‌ని తీసుకున్నారు!

మిన్నియాపోలిస్_లక్ష్మి
చూశాను! క్యాచర్ కావాలని ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నా.

హ్యూస్టన్_కిట్టు
ఆగండి. ట్రేడ్ అంటున్నారు. జెయింట్స్‌కి.

బే_ఏరియా_సుబ్బు
నిజమే. నిజమే! మాకే వచ్చాడు. అన్న ఆడిన టీంకి తమ్ముడు. చేతులు వణుకుతున్నాయి, టైప్ చెయ్యలేకపోతున్నా.

మిన్నియాపోలిస్_లక్ష్మి
అయిదు నిమిషాలు కూడా మావాడుగా లేడు. సుబ్బు గారూ, బాగా చూసుకోండి.

రవి గారూ, పాయెజ్ వద్దన్నాను, ఇప్పుడూ అదే అంటాను. కానీ వచ్చేశాడు కాబట్టి ఒకటి అడుగుతా. వాడికి ఇన్నింగ్స్ ఇవ్వమని మీవాళ్లకి చెప్పండి. ఓడుతున్న మ్యాచ్‌లోనైనా సరే, నాలుగు రోజులకొకసారి చేతికి బంతి ఇవ్వాలి.

నేపర్విల్_రవి
మార్చిలో పిల్లల సెలవులకి అరిజోనా గ్లెండేల్ వెళ్తున్నాం, మావాళ్ల శిక్షణ మైదానం క్యామెల్‌బ్యాక్ రాంచ్‌కి. స్ప్రింగ్ ట్రైనింగ్‌లో (సీజన్ ముందు శిక్షణ) వెనక మైదానాల దగ్గర కంచె దాకా వెళ్లనిస్తారు. పాయెజ్ బుల్‌పెన్‌లో ప్రాక్టీస్ బంతులు వేస్తుంటే నిలబడి చూసి, ఎన్ని బంతులు వేశాడో, క్యాచర్ గ్లవ్ ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టి రాస్తా.

వరంగల్_వేణు
అన్నా, ఆ పిక్క కూడా చూసి చెప్పు. కుంటుతున్నాడా, మామూలుగా పరిగెడుతున్నాడా? నేను ఇక్కడ తెల్లవారుజామున లేచి చూస్తా.